కొబ్బరి పొట్టులో మిరప

జయపాల్ నర్సరీ గేటు తోసుకుని వచ్చేసరికి శాంతి నారుకు నీళ్లు చల్లుతోంది. అతని చేతిలో వాడిపోయిన మిరప మొక్క ఉంది.

"మీ దగ్గర కొన్న కొబ్బరి పొట్టేనండి. అందులో పెట్టిన చెట్లన్నీ ఇలాగే అయిపోతున్నాయి," అన్నాడు.

హార్టికల్చర్ చదివి అద్దంకి శివార్లలో ఆ నర్సరీ పెట్టుకున్న శాంతికి ఇలాంటి ఫిర్యాదులు కొత్త కాదు.

"నీళ్లెక్కువ పోసుంటారు," అంది.

"మిరపకి ఎన్ని నీళ్లు పొయ్యాలో మా అమ్మకి మీరు చెప్పాలా?"

శాంతికి ఒళ్లు మండింది. అయినా సాయంత్రం వచ్చి చూస్తానంది.

జయపాల్ వాళ్లది అద్దె ఇల్లు. వాకిలంతా సిమెంటు, గంపెడు మట్టి లేదు. అతని తల్లి దేవకుమారి పెళ్లయిన నాటి నుంచీ వేరేవాళ్ల చేలల్లో మిరపకాయలు కోసింది. మోకాళ్లు అరిగి కూలికి పోలేక ఇంట్లో కూర్చున్నాక మాట్లాడటం కూడా తగ్గించేసింది. మొబైల్ షాపులో పనిచేసే జయపాల్ అది చూడలేక, సంచుల్లో కొబ్బరి పొట్టు నింపి వాకిట్లో వరసగా పెట్టి, మిరప నారు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"ఎన్ని చేలల్లో కోశానో లెక్కలేదమ్మా," అంది దేవకుమారి, శాంతి వచ్చాక. "నావి అనుకున్న చెట్లు మాత్రం ఇవే."

శాంతి సంచి కింద కారిన నీళ్లు గిన్నెలో పట్టి ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూసింది. ఉప్పు చాలా ఎక్కువగా ఉంది. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, బాగా కడగకుండా వాడకూడదు. ఆ సరుకు ఆమె కొత్తచోటు నుంచి తెప్పించింది. కడిగే పంపారనుకుని, చూసుకోకుండా అమ్మేసింది.

"తప్పు నాదేనండి. అమ్మగారిది కాదు," అంది.

పోట్లాటకు సిద్ధంగా ఉన్న జయపాల్‌ మెత్తబడ్డాడు. వెళ్లి బకెట్ తెచ్చాడు.

ఇద్దరూ కలిసి ఉప్పు పోయేదాకా సంచులన్నీ నీళ్లతో కడిగారు. చచ్చిన మొక్కల చోట శాంతి కొత్త నారు పెట్టింది. పొట్టులో సొంత బలం ఉండదు కాబట్టి నీళ్లలో ఎరువు కలిపి పొయ్యాలి. అది నేర్పడానికని ప్రతి వారం వచ్చేది. దేవకుమారి మోడా మీద కూర్చుని కబుర్లు చెప్పేది. జయపాల్ ఏవో సందేహాలు అడిగేవాడు. ఒకసారి ఆకు మీద మచ్చ చూపించి ఇదేం తెగులని అడిగాడు.

శాంతి వేలితో తుడిచి చూపించింది. "దుమ్మండి. దీనికి మందు గుడ్డముక్క."

చెట్లు పూతకొచ్చాయి, కాయలు దిగాయి. ఒక సాయంత్రం వానకు ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు.

"చెట్లు కుదురుకున్నాయి. ఇక నేను రానక్కర్లేదు," అంది శాంతి.

"చెట్ల కోసమైతే అక్కర్లేదు. నా కోసం రండి."

శాంతి చూరు నీళ్ల కింద చెయ్యి పెట్టింది.

"ఎరువు కలపడం మీ అమ్మగారు మొదటి వారమే నేర్చేసుకున్నారు. తర్వాత ఎందుకొస్తున్నానని అనుకున్నారు?"

లోపలి నుంచి దేవకుమారి పిలిచింది.

"ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా అమ్మా? మొదటి కోత కాయలు పట్టుకుని వస్తాం."

ఉంటారని చెప్పింది శాంతి.