జెనీవాలో దూరని ప్లగ్గు

"స్విట్జర్లాండ్‌కి వేరే అడాప్టర్ కావాలి. అక్కడి సాకెట్లో ఈ లావు ప్లగ్గు దూరదు," అన్నాడు ఘస్సాన్.

"అమ్మాన్ పిల్లకి అడాప్టర్ పాఠాలా?" కస్సుమంది లుబ్నా. "మా ఇంట్లో మూడు రకాల సాకెట్లు, సొరుగు నిండా అడాప్టర్లు. యూరప్ అంటే రెండు గుండ్రటి కాళ్లు, అంతే!"

"అక్కడ మూడమ్మా. సన్నవి."

"నీ నీళ్ల పంపు సంగతి చూసుకో, ఇంజనీరు గారూ!"

ఏడాదిగా అమ్మాన్‌లో ఒకే వర్క్‌షాప్‌లో పక్కపక్క బల్లలు వాళ్లవి. రోజూ ఇదే వరస. ఇప్పుడిద్దరూ జెనీవాలో కొత్త యంత్రాల పోటీ ప్రదర్శనకు వెళ్తున్నారు. ఘస్సాన్ తయారుచేసింది నీళ్ల పంపు. లుబ్నా తన చేత్తో తయారుచేసిన కాఫీ గింజలు వేయించే యంత్రాన్ని అక్కడ నడిపి చూపించాలి. నడిస్తే తన పేరూ, ఊరి పేరూ నిలబడతాయి.

జెనీవాలో వాన. జడ్జీలు పక్క బల్ల దాకా వచ్చేశారు. లుబ్నా ప్లగ్గు సాకెట్లో దూరలేదు. తిప్పి పెట్టింది, బలంగా నొక్కింది. ఊహూఁ. జుట్టు ముడిలో గుచ్చుకున్న పెన్ను లాగి, మొండి సాకెట్లకు ఇంటి దగ్గర అందరూ చేసేట్టే, లోపలి మూత తెరుచుకోవాలని కంతలో పొడవబోయింది.

"ఆగు! షాక్ కొడుతుంది!" ఘస్సాన్ పరుగున వచ్చాడు. చేతిలో కొత్త అడాప్టర్. "నీకోసం ఒకటి ఎక్కువ కొన్నాను. తిట్లు తర్వాత తిట్టు."

"తిట్టను. నువ్వు చెప్పిందే నిజం." లుబ్నా అడాప్టర్ అందుకుని ప్లగ్గు దూర్చింది.

యంత్రం గుర్రుమంది. కాఫీ, యాలకుల వాసనకి హాలంతా అటు తిరిగింది. ఆ గింజలతో లుబ్నా కాచిన కాఫీని జడ్జీలు రెండో కప్పు అడిగి మరీ తాగారు. అది తన చేతి పని అని లుబ్నా పొంగిపోయింది.

ఘస్సాన్‌కీ ఓ కప్పు ఇచ్చింది. అతను తాగకుండా బల్ల మీద పెట్టేశాడు.

లుబ్నా గుండె ఝల్లుమంది. వాళ్ల ఊళ్లో పిల్లనడగడానికి వచ్చినవాళ్లు, ఇస్తామన్న మాట వినేదాకా కాఫీ ముట్టరు.

"చల్లారిపోతుంది," అంది నేల చూస్తూ.

"కోరిక తీరితేనే తాగుతా. నువ్వంటే నాకిష్టం, లుబ్నా."

ఆమె తలెత్తింది. "పిల్లనడగాలంటే మీ పెద్దల్ని తీసుకుని మా నాన్న దగ్గరికి రావాలి. అక్కడా కాఫీ నేనే పెడతా."

"మరి ఇది?"

"నా కాఫీని ఇంతవరకు ఎవరూ చల్లారనివ్వలేదు. తాగు. నా మాట ఇచ్చేశాగా!"

గుటుక్కున తాగాడు. నాలుక చుర్రుమంది. అయినా కప్పు మళ్లీ ముందుకు చాపాడు.