మంచు విడవని ఉదయం

ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురంలో ఆ ఉదయం ఎదురు టవర్ కనిపించనంత మంచు పట్టింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన భీమేశ్వరరావు కాఫీ ముట్టుకోలేదు. కూతురు ప్రణతి రాసిన నవల ప్రింటు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ నవలలో ఒక అమ్మాయి కాలంలో వెనక్కి వెళ్తుంది. అన్నయ్య బైకు ప్రమాదంలో చనిపోయిన రోజుకే మళ్ళీ మళ్ళీ వెళ్ళి, అంత మంచులో తెల్లారకుండానే అతను ఎందుకు బయల్దేరాడో డిటెక్టివ్‌లా ఆరా తీస్తుంది. చివరికి ఆ ఆరా తండ్రి దగ్గరికొచ్చి ఆగుతుంది. ఆరేళ్ళ క్రితం ప్రణతి అన్నయ్య ఆదిత్య పోయింది కూడా అలాగే.

ప్రణతి గదిలోంచి రాగానే ఆయన కాగితాలు బల్లమీద పెట్టాడు.

"చివరి అధ్యాయం మార్చు. తండ్రి గొడవపడి కొడుకుని వెళ్ళగొట్టాడని రాశావు."

"మార్చలేను నాన్నా. పబ్లిషర్‌కి నచ్చిందే అది."

"లోకమంతా చదవాలా?"

"మరి ఏం జరిగిందో మీరెప్పుడైనా చెప్పారా? అమ్మ రాజమండ్రిలో ఉంది. నేను నిద్రపోతున్నాను. అన్నయ్యతో మాట్లాడింది మీరొక్కరే. అడిగితే లేచి వెళ్ళిపోతారు. ఊహించుకోక ఏం చెయ్యను?"

వంటింటి గుమ్మంలోంచి తల్లి అన్నపూర్ణేశ్వరి గొంతు వినిపించింది.

"దాన్నెందుకంటారు? నేనూ అదే అనుకుంటున్నాను. సివిల్స్ కోచింగ్ మానేస్తానని ఉంటాడు, మీరేదో అనుంటారు. ఆ మాట మనసులో పెట్టుకునే పోయాడు బిడ్డ."

భీమేశ్వరరావు కిటికీ వైపు తిరిగాడు.

"నేనేమీ అనలేదు పూర్ణా. కోచింగ్ కోసం రాజిందర్ నగర్‌లో తీసుకున్న రూము ఖాళీ చేసేస్తాను, ఇక చదవలేను నాన్నా అన్నాడు. సరే, నీకు నచ్చిందే చెయ్యరా అన్నాను. నన్ను వాటేసుకున్నాడు. తెల్లారేదాకా కూడా ఆగలేను, ఇప్పుడే వెళ్ళి తాళాలిచ్చేసి వస్తానన్నాడు. ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"చదువు మానొద్దని ఉంటే మూతి ముడుచుకుని ఇంట్లోనే పడుకునేవాడు. బతికుండేవాడు. నేను సరే అనబట్టే పోయాడని నీకెలా చెప్పను?"

అన్నపూర్ణేశ్వరి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయితే సంతోషంగానే వెళ్ళాడన్నమాట," అంది నెమ్మదిగా.

ప్రణతికి కాగితాల్లోని అక్షరాలు మసకబారాయి. తను ఇంతకాలం వెతికింది నేరస్థుడిని. దొరికింది, కొడుకును నవ్వించి పంపిన పాపానికి ఆరేళ్ళుగా శిక్ష అనుభవిస్తున్న మనిషి.

"నీ కథలో ఆ పిల్ల వాణ్ణి ఆపగలదా అమ్మా?" అడిగాడాయన.

"లేదు నాన్నా. ఎన్నిసార్లు వెళ్ళినా ఆగడు."

ఆయన తల ఊపాడు. అన్నపూర్ణేశ్వరి ఆయన చెయ్యి అందుకుంది.

"ఏ పాటండీ, వాడు ఈల వేసింది?"

భీమేశ్వరరావు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. పెదవులు కదిపి చూశాడు. ఎంత ప్రయత్నించినా ఆ పాట గుర్తు రాలేదు. కొడుకు పోయిన రోజు కూడా ఏడవని మనిషి, భార్యా కూతురూ చెరోవైపు పట్టుకుంటే, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.