మూడో పిలుపు

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి కడప ఎండకు కుక్క కూడా నీడ దాటదు. సరిగ్గా అదే వేళకు యూనివర్సిటీ పరిపాలనా భవనంలో విచారణ పెట్టారు. ఎవరూ రాకూడదనే ఆ వేళ పెట్టారని సెక్షన్ అసిస్టెంట్ మహేశ్వరికి తెలుసు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే పక్కన కూర్చుని మినిట్స్ రాయడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్లుగా రాస్తూనే ఉంది.

ఎండ పడకుండా కిటికీలు మూసి తెరలు దించారు. గదంతా మసక. పొద్దున తుడిచిన ఫినాయిల్ వాసన ఇంకా పోలేదు. బయట వరండా బెంచీ మీద హాస్టల్ ఆఫీసు సూపరింటెండెంట్ వీరభద్ర మజ్జిగ ప్యాకెట్ కొరికి తాగుతూ కాలు ఊపుతున్నాడు. ఫిర్యాదు అతని మీదే. ఊరికి పోవడానికి ఔటింగ్ చీటీ మీద సంతకం కావాలని వచ్చిన ఆడపిల్లల చెయ్యి పట్టుకోవడం అతనికి అలవాటు. లక్ష్మీప్రియ అనే రెండో ఏడాది పిల్ల వెళ్లినప్పుడు మాత్రం లోపలినుంచి గడియ పెట్టాడు. ఎలాగో బయటపడి, ఆ పిల్ల నాలుగు పేజీల ఫిర్యాదు రాసి తెచ్చింది.

దాని మీద ముద్ర కొట్టి తీసుకున్నది మహేశ్వరే. "నువ్వు పో పాపా, నేను చూసుకుంటా" అని ధైర్యం చెప్పి పంపింది. ఏం చూసుకుంది, మట్టి! ఫైలు ఎనిమిది నెలలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తిరిగింది. ఈలోపు యూనివర్సిటీ చేసిన ఘనకార్యం ఒక్కటే. వడ్రంగిని పిలిపించి ఈ విచారణ గదితో సహా ఆఫీసు గదులన్నిటికీ లోపలి గడియలు పీకించింది. మనిషిని వదిలేసి గడియల మీద చర్య తీసుకున్నారు!

పిల్ల చదువు మానేసి సొంతూరికి, నాపరాళ్ల గనులుండే బేతంచెర్లకు పోయిందని అందరికీ తెలుసు. అయినా విచారణ నోటీసులు రెండూ హాస్టల్ గదికే పంపారు. రెండుసార్లూ 'గైర్హాజరు' అని మహేశ్వరి చేతే రాయించారు. మూడోసారి కూడా రాకపోతే ఫైలు మూసేయాలి, రూలు. మూసేస్తే, విచారణ పేరుతో సెలవు పెట్టిన వీరభద్ర సోమవారం నుంచి మళ్లీ ఆడపిల్లల హాస్టల్లో అదే కుర్చీలో కూర్చుంటాడు.

మూడోసారి ఎలా వస్తుంది? మార్చి నెలలో లక్ష్మీప్రియ నీళ్లు నిలిచిన పాత క్వారీ గుంతలో తేలింది.

"మేడమ్, ఆ పాప లేదు. మీకూ తెలుసు" అంది మహేశ్వరి, ఉండబట్టలేక.

ముగ్గురు సభ్యుల విచారణ కమిటీకి పెద్ద, ప్రొఫెసర్ రత్నమణి. కళ్లజోడు తుడుచుకుంటూ, "డెత్ సర్టిఫికెట్ మన ఫైల్లో ఉందా?" అని అడిగింది.

"లేదు మేడమ్."

"మరి? చనిపోయిందని రాస్తే ఎందుకు చనిపోయిందని అడుగుతారు. రాలేదని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. ఈరన్నా, పిలువు."

అటెండర్ పెద్ద ఈరన్న కదల్లేదు. గడప దగ్గర నిలబడి ఫిర్యాదుదారు పేరును మూడుసార్లు పిలవడం ఆ ఆఫీసు ఆనవాయితీ. విచారణ అయ్యాక 'మీరు పోవచ్చు' అని చెప్పి పంపడమూ అతని పనే.

"పోయినోళ్లను గడపకాడ మూడుసార్లు పిలవగూడదు మేడమ్. మా పక్క శానా చెడ్డది" అన్నాడు మెల్లగా.

"రూలు రూలే. పిలువు."

ఈరన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని వరండా వైపు తిరిగాడు. "లక్ష్మీప్రియ... హాజరా...?"

వరండాలో వీరభద్ర కిసుక్కున నవ్వాడు. అంతే. ఇంకే చప్పుడూ లేదు.

"లక్ష్మీప్రియ... హాజరా...?"

కరెంటు పోయింది. ఫ్యాను నిదానంగా తిరిగి తిరిగి ఆగింది. మహేశ్వరి ముక్కుకు ఏదో వాసన తగిలింది. ఫినాయిల్ కాదు. నాపరాళ్లకు పాలిష్ పట్టే చోట రాతిపొడి నీళ్లలో కలిసినప్పుడు వచ్చే వాసన. దాని వెనకే నాచు వాసన. ఆ భవనం కొళాయిల్లో నీళ్లు రాక నాలుగు రోజులైంది.

ఈరన్న కళ్లు మూసుకుని పిలిచాడు. "లక్ష్మీప్రియ... హాజరా...?"

"ఉండా మేడమ్."

వరండాలోంచి కాదు. గదిలోంచి. ఫిర్యాదుదారు కోసం వేసిన ఖాళీ కుర్చీ వైపునుంచి...

టప్... టప్... కుర్చీ కింద నాపరాయి మీద నీటిచుక్కలు పడుతున్నాయి. రత్నమణి అటు చూడలేదు. కావాలనే చూడలేదు. కళ్లజోడు పెట్టుకుని, "గైర్హాజరు. రాసుకో" అంది.

మహేశ్వరికి భయం కంటే కోపం ముందొచ్చింది. బతికుండగా ఆ పిల్లను వినలేదు. చచ్చి వచ్చి పలికినా వినరా వీళ్లు!

"వినిపించింది మేడమ్. మీకూ వినిపించింది."

"రాస్తావా, రాయవా?"

మహేశ్వరి పెన్ను కింద పెట్టేసింది. రత్నమణి పుస్తకం లాక్కుని తనే రాసింది. మిగతా ఇద్దరు సభ్యులూ తలెత్తకుండా సంతకాలు చేశారు. చివరి సంతకం ఆరకముందే ముగ్గురూ మెట్లు దిగిపోయారు. అయిపోయింది. నెలల తరబడి సాగిన ఫైలు, రెండు నిమిషాల్లో.

గదిలో మహేశ్వరి, ఈరన్న మిగిలారు. చుక్కలు ఇంకా పడుతూనే ఉన్నాయి.

"పిలిచినామే గానీ పొమ్మని ఎవరూ చెప్పలేదు మేడమ్" అని గుసగుసగా అన్నాడు ఈరన్న. "నాకు నోరు రాలేదు. మీరన్నా చెప్పండి."

మాట మహేశ్వరి నోటిదాకా వచ్చింది. నువ్వు పో పాపా... ఆ మాట ఒకసారి అని పంపింది తను. పంపితే ఏమైంది? ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఉండు పాపా" అంది.

బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసి తాళం పెట్టింది. వీరభద్ర నవ్వుతూ లేచి వచ్చాడు.

"అయిపాయె కదా! ఆర్డరు తీసుకున్నట్టు సంతకం యాడ పెట్టాల మేడమ్?"

"వీరభద్ర... హాజరా...?"

అదే సాగదీత, ఈరన్న పిలిచినట్టే. కానీ ఆడపిల్ల గొంతు. తాళం వేసిన గదిలోంచి. ఈరన్న మహేశ్వరి పక్కనే, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

వీరభద్ర నవ్వు ఆగింది. "లోపల ఎవరుండారు?"

"ఎవరూ లేరు" అంది మహేశ్వరి. "గైర్హాజరు అని రాశారు కదా."

"వీరభద్ర... హాజరా...?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈరన్న తల అడ్డంగా ఊపుతున్నాడు, పలకొద్దని. నీళ్లు తలుపు సందులోంచి పాకి వీరభద్ర చెప్పుల దాకా వచ్చాయి. తెల్లగా, రాతిపొడి కలిసిన నీళ్లు.

"వీరభద్ర... హాజరా...?"

ముప్పై ఏళ్ల సర్వీసు మనిషి. ఆఫీసులో పేరు పిలిస్తే పలకడం ఒంటికి పట్టిపోయింది. వద్దు వద్దనుకుంటూనే పెదాలు విడివడ్డాయి.

"ఉండా..."

చుక్కల చప్పుడు ఆగిపోయింది. తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి మహేశ్వరి గుప్పిట్లోనే ఉంది. అప్పుడు, తలుపుకు అవతల, నిదానంగా, లోపలి గడియ తీసిన చప్పుడు వినిపించింది.