శబరి మలుపులో పెద్ద చక్రాలు

సంచి బోర్లించగానే ముందు ఒక బంగారు నాణెం పడింది, దాని వెనకే ఒక రాయి. కోదండపాణి నాణెం వంక కన్నెత్తి చూడలేదు. రాయినే చేతిలోకి తీసుకున్నాడు. కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది, అంతే.

తెచ్చినవాడు పండురెడ్డి. శబరి ఒడ్డు కొండల్లో పుట్టి పెరిగిన కొండరెడ్డి. ఐదు రోజులు అడవిలో పడి నడిచి, రాజమండ్రి శివార్లలో పాణి తన చిన్న విమానాన్ని దాచుకునే రేకుల షెడ్డుకు ఆ ఉదయమే చేరాడు. నడుముకు కట్టుకున్న వెదురుగొట్టంలోంచి ఉత్తరం తీసి ఇచ్చాడు. అది పాణి అన్న శేషాచలం రాసింది.

"పాణీ, పటంలో ఉన్న గుహ దొరికింది. నిధీ దొరికింది. బండ మీద పడి కాలు విరిగింది, చీము పట్టింది. నన్ను మోసుకొస్తే దారిలోనే పోతాను. గుహ కింద ఏటి ఒడ్డున నూట యాభై గజాల రాళ్ల తిన్నె ఉంది. వానలు పడితే మునిగిపోతుంది. తిన్నె మీద ఉన్నవాటిలో పెద్ద రాయి పంపుతున్నాను. దాన్ని చూసి చక్రాలు బిగించుకుని రా."

షెడ్డులో రెండు జతల టైర్లున్నాయి. యుద్ధం ముగిశాక వేలంలో, ఆ రెండు సీట్ల విమానంతోపాటే వచ్చాయి. ఒకటి మామూలు జత. రెండోది నిలబెడితే తొడల దాకా వచ్చేది. అందులో గాలి తక్కువ పట్టించి, దిండులా మెత్తగా ఉంచి నడపాలి. మెకానిక్ మస్తాను వాటికి బోదకాళ్లని పేరు పెట్టాడు.

"ఈ రాయికి మామూలు జత చాలు సార్" అన్నాడు మస్తాను. "బోదకాళ్లు వేస్తే రెండు మణుగుల బరువు ఎక్కువ. పైగా గాలికి అడ్డం. అన్నగార్ని ఎక్కించుకుని ఆ కాస్త నేలలో లేవగలరా?"

"చిన్నవి వేసి, తీరా రాళ్లు పెద్దవైతే?"

"చక్రం రాయిని మింగాలి సార్. మింగలేకపోతే రాయే చక్రాన్ని పట్టేస్తది, విమానం ముక్కు మీద బోర్లా పడతది. కానీ రాయి మీ చేతిలోనే ఉందిగా!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చిన్నవి వేస్తే దిగలేకపోవచ్చు. పెద్దవి వేస్తే లేవలేకపోవచ్చు. పాణి రాయిని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. ఎందుకో ఎనిమిదేళ్ల వయసు నాటి కాలవ గుర్తుకొచ్చింది. అవతలి గట్టు మీద మామిడికాయలున్నాయి. "మోకాలి లోతేరా, దిగు!" అన్నాడు అన్నయ్య. దిగితే పీకల దాకా వచ్చింది. ఎవరో జుట్టు పట్టి లాగకపోతే పాణి ఆ రోజే పోయేవాడు.

"బోదకాళ్లే బిగించు" అన్నాడు పాణి.

"తమరి ప్రాణం, తమరిష్టం" అని గొణుక్కుంటూ మస్తాను పానా అందుకున్నాడు.

మధ్యాహ్నానికి విమానం శబరి మలుపు మీద ఉంది. ఎగువన కొండలు నల్లబడి ఉరుముతున్నాయి. వెనక సీట్లో పండురెడ్డి కళ్లు మూసుకుని ఏ కొండదేవతనో తలుచుకుంటున్నాడు. పాణి తిన్నె మీదికి వాలాడు. చక్రాలు నేలను తాకగానే విమానం ఎగిరిపడింది, ఊగింది, మళ్లీ ఎగిరింది. టైర్లు నొక్కుకుపోతూ, పొంగుతూ ఒక్కో రాయినీ మింగుకుంటూ పోయాయి. ఆగాక పాణి దిగి చూశాడు. తిన్నె నిండా గుమ్మడికాయలంత రాళ్లు!

"పండురెడ్డీ! బరువని చిన్న రాయి తెచ్చావా?"

"నేనెందుకు తెస్తాను బాబూ? పెద్దదే మూట కట్టుకున్నాను. పెద్దబాబే ఆ మూట విప్పించేసి, ఈ చిన్నది కట్టించారు."

పాణికి లోపల ఏదో పుండు మళ్లీ రేగినట్టయింది.

గుహ నోరు తుప్పల వెనక ఉంది. టార్చి వెలిగించగానే గబ్బిలాలు ముఖానికి కొట్టుకుంటూ బయటికి దూసుకొచ్చాయి. పండురెడ్డిని బయటే కాపలా ఉంచి, వంగి, పాకి, పాతిక గజాలు లోపలికి వెళితే అక్కడ శేషాచలం గోడకు జారగిలబడి ఉన్నాడు. కాలు మొద్దులా వాచిపోయి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. చేతులు మాత్రం ఒక రాగి కడవను చుట్టుకుని ఉన్నాయి.

"ఏ చక్రాలు వేసుకొచ్చావురా?" అదీ అతని మొదటి మాట.

"పెద్దవి."

"చెడగొట్టావు కదరా! ఈ కడవ రెండు మణుగులుంటుంది. ఇప్పుడెలా తీసుకెళతాం?"

"ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తే ఇదా నువ్వడిగేది?" పాణి గొంతు గుహంతా మోగింది. "ఆ రెండు మణుగులూ చక్రాలకే సరిపోయాయి. కడవను వదులు!"

"ఒక్క గుప్పెడైనా..."

"బాబూ! ఏరు లేస్తోంది!" బయటి నుంచి పండురెడ్డి కేక.

శేషాచలం కడవ వంక చూసి ఏడ్చాడు. "కాసేపు బయట ఉండరా. పంచె మార్చుకుంటాను" అన్నాడు. పాణి విమానం తిప్పడానికి పరుగెత్తాడు. కాసేపటికి పండురెడ్డి లోపలికి వెళ్లి, అన్నను దుప్పట్లో చుట్టి వీపున మోసుకొచ్చాడు. "వారం కింద మోసినప్పుడు ఇంత బరువు లేరే పెద్దబాబు" అంటూ రొప్పుతూ వెనక సీట్లో కూర్చోబెట్టాడు. హడావుడిలో పాణికి ఆ మాట చెవికెక్కలేదు.

నీళ్లు అప్పటికే తిన్నెలో నలభై గజాలు మింగేశాయి.

"తోయ్ పండురెడ్డీ! తోసి పక్కకు పో!"

ఇంజను హోరెత్తింది. విమానం రాళ్ల మీద గెంతుతూ పరుగు తీసింది. యాభై గజాలు, ఎనభై... తోక లేవడం లేదు! అంత బరువు ఎక్కడిది?

"అన్నయ్యా! ఒంటికి ఏం కట్టుకున్నావ్?"

వెనక దుప్పటి కింద నాణేలు గలగలలాడాయి.

"పారెయ్! లేకపోతే ఇద్దరం చస్తాం!"

తిన్నె అయిపోయింది. చక్రాలు నీటిని కొట్టాయి. పాణి ఇంజను తగ్గించలేదు. ఆ వేగానికి బోదకాళ్లు మునగలేదు, పిల్లలు చెరువు మీద విసిరిన పెంకులా ఏటి మీద జారుతూ పోయాయి. ఎదురుగా కొండ పెరిగి మీదికి వస్తోంది. వెనక కిటికీ రెక్క దడాలున తెరుచుకుంది. ఒక మూట నీళ్లలో పడింది, ఇంకొకటి, ఆఖరికి మూడోది. విమానం ఒక్కసారి తేలికై, చెట్ల కొసలను రాసుకుంటూ పైకి లేచింది.

కింద పండురెడ్డి గట్టు ఎక్కి తలగుడ్డ ఊపుతున్నాడు.

రాజమండ్రి దగ్గర పడుతుండగా వెనక నుంచి శేషాచలం అడిగాడు. "చిన్న రాయేగా పంపాను. పెద్ద చక్రాలు ఎందుకు వేశావురా?"

"రాయిని చూసి వెయ్యలేదన్నయ్యా. పంపినవాణ్ణి చూసి వేశాను."

జ్వరంతో కాలుతున్న చెయ్యి ఒకటి పాణి భుజం మీద పడింది.

"ఆనాటి కాలవ... లోతుగా ఉందని నాకు తెలుసురా."

"తెలుసన్నయ్యా" అన్నాడు పాణి, ఆ చేతిని తియ్యకుండానే. "గట్టిగా పట్టుకో. దిగుతున్నాం."