కంకిపాడు చేరేసరికి తగ్గే గొంతు

గుల్షన్ కుర్చీలో కూర్చుందే గానీ, ఒళ్ళో సంచీ కింద పెట్టలేదు. సింధూరి మంచినీళ్ళిచ్చింది. డిటెక్టివ్ హుమాయూన్ దగ్గర పనిలో చేరాక, తప్పు చేసినవాళ్ళకంటే చెయ్యనివాళ్ళే ఎక్కువ భయపడటం ఆమె చూసింది.

"ఆటోనగర్‌లో తిరుపతిరావుగారి లారీ స్పేర్ పార్టుల కొట్లో ఫోన్ ఆపరేటర్నండీ. మధ్యాహ్నం ఆయన భోజనానికి కంకిపాడు వెళితే, కాల్స్ ఇంటికి మళ్ళిస్తాను. ఈమధ్య అవి నూతిలోంచి వచ్చినట్టు వినపడుతున్నాయట. లైన్లు బాగానే ఉన్నాయి, ఎవరో ఇంకో ఫోనెత్తి వింటే గొంతు ఇలా తగ్గుతుందన్నాడు మెకానిక్. వినేది నేనేనట. రేట్లు పక్క కొట్టుకి మోస్తున్నానట. సోమవారం నుంచి రావద్దన్నారు. ఈ మాట పడ్డాక ఆటోనగర్‌లో నాకింకెవరు పనిస్తారు సార్?"

"విన్నావా మరి?"

"నా టీ చల్లారిపోతుంటే వాళ్ళ బేరాలు నాకెందుకండీ?"

హుమాయూన్ నవ్వి లేచాడు.

కొట్లో తిరుపతిరావు విసుగ్గా మాట్లాడాడు. "ఇంట్లో ఎవరున్నారండీ అనుమానించడానికి? హాల్లో ఫోను నేనే ఎత్తుతాను. మేడమీద నాన్నగారి గదిలో ఒకటుందనుకోండి. పక్షవాతంతో ఆయనకి మాట పోయి ఏడాదైంది. ఫోనుతో ఆయనకేం పని?"

ఆయన ఇంటికి వెళ్ళాక, సింధూరి రోడ్డవతల ఎస్టీడీ బూత్ నుంచి కొట్టుకి ఫోన్ చేసింది. గుల్షన్ కాల్ మళ్ళించి రిసీవర్ పెట్టేసింది. దానిమీద చెయ్యి వేసి హుమాయూన్ కూర్చున్నాడు. బూత్‌లో సింధూరి బ్రేకు డ్రమ్ముల రేటు అడుగుతుండగానే తిరుపతిరావు గొంతు సగానికి పడిపోయింది.

"ఇంకేం వినపడింది?" తిరిగొచ్చిన సింధూరిని అడిగాడు హుమాయూన్.

"ఫ్యాను కిర్రుమంటోంది సార్. గొంతు తగ్గినప్పటినుంచీ."

మర్నాడు మధ్యాహ్నం కంకిపాడు ఇంట్లో అందరూ చేరారు. గుల్షన్ ద్వారం దగ్గరే నిలబడింది. హాల్లో ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. సింధూరి దానివైపు చూసి, హుమాయూన్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

ఫోను మోగింది. కొట్లో కుర్రాడు మళ్ళించిన కాల్, గన్నవరం నుంచి అబ్రహాము, పాత ఖాతాదారు. తిరుపతిరావు రెండు మాటలు మాట్లాడి, "ఇదిగో, మళ్ళీ తగ్గింది," అన్నాడు.

"గుల్షన్ ఇక్కడే ఉంది కదండీ. ఫోను అలాగే ఉంచి నాతో రండి."

అందరూ మెట్లెక్కారు. మేడమీది గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. దానికింద మంచంమీద తిరుపతిరావు తండ్రి వెంకటసుబ్బారావు, బాగున్న చేత్తో రిసీవర్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. వాళ్ళను చూసి కళ్ళు దించుకున్నాడు.

"నిన్న గుల్షన్ ఫోను నా చేతికింద ఉన్నా గొంతు తగ్గింది. అంటే కొట్లో ఎవరూ వినడం లేదు," అన్నాడు హుమాయూన్ మెల్లగా. "ఫోన్లో వినపడ్డ ఈ చప్పుడు హాల్లో ఫ్యానుకి లేదు. మిగిలింది ఈ గది. మాట పోయిన మనిషికి ఫోనెందుకని మీరనుకున్నారు. చెవులున్నాయి కదండీ. జబ్బు పడేదాకా ఆ కొట్లో ఫోనెత్తింది వీరే. ఆ గొంతులు వినాలనిపించింది. అంతే."

తిరుపతిరావు గుల్షన్ వైపు తిరిగాడు. "సోమవారం రామ్మా," అన్నాడు. "తప్పు నాది."

గుల్షన్ సంచీ కింద పెట్టింది. మంచం దగ్గరికి వెళ్ళి రిసీవర్‌వైపు వంగింది. "అబ్రహాముగారూ, పెద్దాయన లైన్లో ఉన్నారండీ. పలకరించండి."

"బాబాయ్‌గారూ, బాగున్నారా? మీవాడు బేరంలో నన్ను పిండేస్తున్నాడండీ. మీరే నయం."

ముసలాయన పెదవి ఒకవైపు నవ్వింది. కాసేపు విని, తనే రిసీవర్ పెట్టేశాడు.

అప్పటికి కిందికి దిగిన తిరుపతిరావు హాల్లో ఫోనెత్తాడు. ఆయన మాట మెట్లమీదున్న సింధూరికి వినపడింది.

"ఇక అరవక్కర్లేదు, మెల్లగా మాట్లాడవయ్యా అబ్రహామూ. చెవులు పగిలిపోతున్నాయి."