రుఫిజి వంతెన మీద కొమ్మలు

2007 ఏప్రిల్. పెద్ద వానల కాలం. రుఫిజి నది మీది వంతెనకు అప్పటికే చెడ్డపేరు వచ్చేసింది.

వంతెన లేనప్పుడు లారీలు బల్లకట్టు కోసం రెండేసి రోజులు ఒడ్డున పడుండేవి. ఆ రోజుల్లో నదిలో మునిగిన వాడొకడు దెయ్యమై వంతెనెక్కాడని డ్రైవర్లు చెప్పుకునేవారు. తెల్లగుడ్డ కప్పుకుని చేతులూపి లారీ ఆపుతాడట. ఆపినవాడు మళ్లీ బండెక్కడట. మరి ఆ సంగతి తిరిగొచ్చి చెప్పిందెవరు? టీకొట్టు దగ్గర నేనీ మాట అడిగితే అందరూ ఇంకో టీ చెప్పారు.

డ్రైవరు కిబ్వానా మాత్రం నమ్మాడు. జబ్బకు మూడు తాయెత్తులు, స్టీరింగుకి ఒకటి. లారీకి ఉన్న రెండు దీపాల్లో వెలిగేది ఒకటే... దాన్ని బాగుచేయించడానికి మాత్రం తీరిక దొరకలేదు.

లారీ కొని తొమ్మిది రోజులు. భార్య మ్వనహావా పుట్టింటి కొబ్బరితోట అమ్మి కొన్నాడు. ఆ తోట ఆఖరి కాపు వెనక వేసుకుని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని దారెస్సలాం పట్నానికి బయల్దేరాడు. బండి మీద గీత పడినా ఆమె ప్రాణం విలవిల్లాడేది. మిగిలింది అదొక్కటే మరి.

ఇక్కడి నుంచి ఆమె నాకు చెప్పిందే.

వంతెన చేరేసరికి చీకటి పడింది. సన్నటి వాన... మొదట్లోనే రోడ్డు మీద ఒక పచ్చి కొమ్మ.

మా రోడ్ల మీద పసిపిల్లనడిగినా చెబుతుంది — కొమ్మలు పరిచి ఉన్నాయంటే, ముందు బండి చెడి ఆగిందని.

"జుబేదా నాన్నా, కొమ్మ... నెమ్మది," అంది మ్వనహావా, మొగుణ్ణి కూతురి పేరుతో పిలుస్తూ.

"చూశాను."

"చూస్తే సరిపోదు. బ్రేకు తొక్కు."

"వంతెన మీద చెట్టెక్కడిదే?" గొణిగాడు కిబ్వానా. "కొమ్మెలా వచ్చింది?"

రెండో కొమ్మ. తర్వాత మూడోది...

"ఎవడో పాపం తెచ్చి వేశాడు. ఆపవయ్యా!"

"ఆపమనే కదే అది కోరేది! నువ్వు దువా చదువు."

"దువా నేను చదువుతాను, బ్రేకు నువ్వు తొక్కు!"

అప్పుడు కనబడింది... వానలో, తెల్లగా, మనిషంత ఎత్తు. రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. నోరు తెరిచి అరుస్తోంది — మాట వినబడటం లేదు.

కిబ్వానా కళ్లు మూసుకున్నాడు. యాక్సిలరేటర్ చివరంటా నొక్కాడు.

ఆ తెల్లటిది పక్కకు దూకి కడ్డీల మీద పడింది. మరుక్షణం — ఢాం!

కొబ్బరికాయలు ఒక్కొక్కటే దొర్లి కడ్డీల సందుల్లోంచి నదిలో పడుతున్నాయి. బుడుంగ్... బుడుంగ్...

వెనక నుంచి అడుగులు. తడి అడుగులు... వచ్చి తలుపు దగ్గర ఆగాయి.

"వచ్చేసింది..." అన్నాడు కిబ్వానా. స్టీరింగు తాయెత్తును రెండు చేతులా పట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. తెల్లటి ప్లాస్టిక్ పట్టా కప్పుకున్న ముసలి డ్రైవరు.

"బతికే ఉన్నారా? ఏమయ్యా, మూడు కొమ్మలు చాలలేదా? చెట్టు పెకలించుకు రావాలా?"

"వంతెన మీద... కొమ్మలు..."

"ఒడ్డున విరుచుకొచ్చాను. నాకు కాళ్లున్నాయి, కావాలంటే చూసుకో."

మ్వనహావా అటు చూడలేదు. తమ లారీ మూతి, చెడి ఆగిన అతని లారీ కిందికి సగందాకా దూరిపోయి ఉంది.

"జుబేదా నాన్నా," అంది మెల్లగా. "దెయ్యం చాలా మంచిదయ్యా. నువ్వే..."



లారీ తుక్కు కింద అమ్ముడుపోయింది. తోట ఇప్పటికీ కొన్నవాడి పేరనే ఉంది.