రంగడు మింగిన రాళ్ళు

రంగడు మేత ముట్టి ఆరు రోజులైంది. పంజరం అడుగున పరిచిన కాగితాన్ని మార్చాల్సిన పని పదకొండు రోజులుగా పడలేదు. పొద్దున్నే లేచి శుభ్రంగా ఉన్న ఆ కాగితం చూసినప్పుడల్లా కరుణ ఇంకో రోజు లెక్కలో కలుపుకునేది. ఎవరితో చెప్పుకుంటుంది? ఊసరవెల్లికి మలబద్ధకం పట్టిందంటే బతుకుదెరువుకు వచ్చిన తెలుగువాళ్ళుండే ఉధ్నా వాడంతా నవ్వదూ...

రంగడు ఆమె తమ్ముడు భరద్వాజ్ పెంచుకున్న ఊసరవెల్లి. ఎక్కడో ఎడారి దేశాల జాతి. నెత్తిమీద టోపీ పెట్టినట్టు ఎత్తైన తురాయి, ఒళ్ళంతా చిగురాకు పచ్చ. భరద్వాజ్ మోజుపడి అనుమతి కాగితాలతో సహా కొని తెచ్చుకున్నాడు. రెండేళ్ళ కిందట కాలేజీ నుంచి వస్తూ లారీ కింద పడి పోయాడు. పంజరం కళ్ళబడితే చాలు, కన్నతల్లి కొడుకును తలుచుకుని తల బాదుకునేది. చూడలేక కరుణ దాన్ని అత్తవారింటికి తెచ్చుకుంది. వాడి బట్టలు పంచేశారు, వాడి ఫోను ఎవరో వాడుకుంటున్నారు. వాడి చేతిమీద పాకిన ప్రాణం ఇదొక్కటే మిగిలింది.

అత్త నర్సవ్వ మొదటిరోజే గుమ్మంలో అడ్డం నిలబడింది. "గీ పురుగును ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న? పారేసి రా." భర్త పరమేశ్ ఎలాగో సర్దిచెప్పాడు. కానీ మరో ఆర్నెల్లకు నర్సవ్వ ఇంకో మాట అంది. "దీని పాపిష్టి కండ్లు మీదుంటే నీ కడుపెట్ల పండుతది?" పెళ్ళై ఆరేళ్ళైనా బిడ్డలు లేని కరుణకు ఆ మాట గుండెలో దిగబడిపోయింది. ఆరోజు నుంచి అత్తాకోడళ్ళ మధ్య అవసరానికి మించి మాటల్లేవు.

ఇప్పుడు రంగడి పచ్చదనం పోయి ముదురు గోధుమరంగు ముసురుకుంది. పట్టపగలే కళ్ళు మూసుకుని కొమ్మను కరుచుకుని ఉంటున్నాడు. కరుణ ఎంతో ఆలోచించింది. బల్బు వేడి తగ్గిందా? ఆకులమీద తాను చల్లే నీళ్ళు చాలడం లేదా? రింగ్ రోడ్‌లో చీరల దుకాణానికి పోయి పొద్దుగూకి వచ్చే తనవల్లే ఏదో లోపం జరిగిందా? అన్నిటికన్నా పైన ఇంకో అనుమానం... పదిహేను రోజుల కిందట తెల్లవారుజామున స్నానం చేసి వస్తూంటే, నర్సవ్వ గబుక్కున పంజరం తలుపు మూసి కొంగులో ఏదో దాచుకోవడం తన కళ్ళారా చూసింది.

"ఏంటి అత్తమ్మా?"

"ఏం లేదు. గబ్బు వాసనొస్తుందని చూసిన."

అప్పుడు ఊరుకుంది. ఇప్పుడు ఆ దృశ్యమే కళ్ళముందు తిరుగుతోంది. ఛీ, అంత పని చేస్తుందా అని ఒక మనసు. ఎందుకు చెయ్యదు, అంత కఠినంగా మాట్లాడిన మనిషి అని ఇంకో మనసు. ఏది నమ్మాలో తెలియక, దుకాణానికి సెలవు పెట్టి, రంగణ్ణి అట్టపెట్టెలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

ఆల్థాన్‌లో ఉన్న పశువైద్యురాలు ఉషాదేవి తెలుగావిడే. పక్షులకూ తాబేళ్ళకూ కూడా వైద్యం చేస్తుంది. రంగడి పొట్టను వేలికొసతో తడిమి, ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్మును వెలుతురుకు పట్టింది.

"ఇవి చూడండి. పేగులో ఐదు తెల్లటి చుక్కలు. గాజురాళ్ళలా ఉన్నాయి. మీ ఇంట్లో పూసలూ రాళ్ళూ ఉంటాయా?"

చీరలకు రంగురాళ్ళు అతికించే పని నర్సవ్వ ఇంట్లోనే చేస్తుంది. ఆమె మంచం పక్కన ఎప్పుడూ స్టీలు పళ్ళెం నిండా ఆ రాళ్ళే.

"బతుకుతాడా డాక్టరుగారూ?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా. నూనెలాంటి మందు ఇస్తాను, రోజుకు రెండుసార్లు చుక్కలుగా నోట్లో వెయ్యాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు చల్లి, పొట్ట కిందకి మెల్లగా నిమరాలి. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు వెయ్యాలి, ఒంటిచేత్తో అయ్యే పని కాదు. నాలుగు రోజుల్లో రాళ్ళు రాకపోతే కోయాల్సి వస్తుంది. ఇంత చిన్న ప్రాణం ఆ కోతకు తట్టుకుంటుందని నేను మాటివ్వలేను."

ఆ సాయంత్రం పరమేశ్ కార్ఖానా నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే కరుణ ఎక్స్‌రే తెచ్చి అత్త ముందు పెట్టింది.

"ఈ రాళ్ళు మీవి అత్తమ్మా. వాడి కడుపులోకి ఎట్ల పోయినయి? ఆరోజు పొద్దున పంజరంలో చెయ్యి పెట్టింది మీరు కాదా?"

నర్సవ్వ ఆ నల్లటి ఫిల్మును చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో రక్తం ఇంకిపోయింది. "నా రాళ్ళేనా..." అని గొణిగింది. తర్వాత తల దించుకుని, "అవు బిడ్డా. నేనే పెట్టిన" అంది.

"ఎందుకమ్మా?" పరమేశ్ తెల్లబోయాడు.

కరుణ ఏడుస్తూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒప్పుకుంటే కోపం చల్లారుతుందనుకుంది... కానీ అదేమిటో, ఆ ఒప్పుకోలు ఆమెను ఇంకా తికమక పెట్టింది. తప్పు చేసిన మనిషి ముఖం అలా ఉంటుందా? ఆ కళ్ళలో ఉన్నది పగ కాదు, భయం.

మర్నాడు పొద్దున లేచేసరికి నర్సవ్వ సంచి సర్దుకుని కూర్చుంది. జగిత్యాల దగ్గర కూతురింటికి పోతానంది. పరమేశ్ ఎంత చెప్పినా వినక, చివరికి టికెట్టు తీయమని అతన్నే స్టేషనుకు పంపింది. కరుణ ఒక్కతే మందు వెయ్యబోయింది. రంగడు బుసకొట్టి నోరు బిగించాడు. మందంతా ఆమె ముంజేతి మీదుగా కారిపోయింది.

అంతలో పక్కింటి బుచ్చవ్వ తలుపు తట్టింది. చేతిలో మూతకు చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా. లోపల నాలుగు మిడతలు ఎగురుతున్నాయి.

"నర్సవ్వ ఏది కరుణా? పొద్దుగాల రైలు పట్టాల పక్క గడ్డిల కనవడలే. దినాం వస్తుండె గదా. మోకాళ్ళు నొస్తున్నయేమో అని నేనే పట్టుకొచ్చిన. మీ ఊసరవెల్లికి గివంటే పానమట గదా."

కరుణ చేతిలోని మందు సీసా పక్కన పెట్టేసింది. "దినాం వస్తుండెనా... ఎప్పటి నుంచి?"

"నెల దాటింది. కోడలికి చెప్పకు, నవ్వుతదన్నది. నోరు జారిన, ఏమనుకోకు తల్లీ."

బుచ్చవ్వ డబ్బా ఇచ్చి వెళ్ళిపోయింది. కరుణ ఆ డబ్బా పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి, సంచి పక్కన ముడుచుకుని కూర్చున్న అత్త ముందు నేలమీద చతికిలబడింది.

"చెప్పండి అత్తమ్మా. జరిగిందంతా చెప్పండి. నాకు పిచ్చెక్కేటట్టున్నది."

నర్సవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఏం చెప్పాలె బిడ్డా... పోయిన నెల నీకు దుకాణంల పని ఎక్కువై ఆలిశంగ వస్తుంటివి. పురుగుల డబ్బా ఖాళీ అయింది. అది నన్నే చూడవట్టె. ఒక కన్ను నామీద, ఒక కన్ను తలుపు దిక్కు. నీ కోసమే చూస్తుందనిపించింది. ఆకలిగొన్న పానం ముంగట కూసోని నేనెట్ల బువ్వ తిందు? పోయి మిడుతలు పట్టుకొచ్చిన. పంజరం జాలిల ఇడిస్తే దూరం ఎగురుతున్నయని, రాళ్ళు ఒంపేసిన ఖాళీ పళ్ళెం అనుకోని నా పనిపళ్ళెంల ఏసి దాని ముంగట పట్టిన. అడుగున రాళ్ళున్నయో, జిగురున్నదో ఈ కండ్లకు ఆనలేదు. నాలుక ఇసిరి, మిడుతకు అంటిన రాళ్ళతోటే లటుక్కున గుంజుకున్నట్టున్నది. మంచిగ తిన్నదని సంబురపడ్డ. అట్ల ఎన్నిసార్లు పెట్టిన్నో... నువ్వు చూసిన పొద్దు కొంగుల దాచింది గా పళ్ళెమే."

"మరి నిన్న ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

"పారేయమన్న నోరే గదా ఇది. దాన్ని సాదుతున్ననని ఏ మొకం పెట్టుకోని చెప్పుదు? నీ కడుపు మాట కూడ అంటి... అది అన్నప్పటి నుంచి నాకే నిద్ర లేదు. తిరిగి తీసుకుందమంటే ఎట్ల తీసుకోవాల్నో తెల్వలే. ఇప్పుడు పానం మీదికే తెస్తి. చేసింది నేనే గదా, ఇంకేం చెప్పాలె?"

కరుణకు ఏం చెయ్యాలో తోచలేదు. క్షమించాలా, క్షమాపణ అడగాలా? ఆ కడుపు మాట తాను మరిచిపోగలదా? ఏమో... రెండు మనసులూ ఇంకా లోపల పెనుగులాడుతూనే ఉన్నాయి. కానీ పక్కగదిలో ఒక ప్రాణం కళ్ళు మూసుకుని ఉంది.

"అది తర్వాత అత్తమ్మా. ముందు వచ్చి వాణ్ణి పట్టుకోండి. నా ఒక్కదానితోటి అయితలేదు."

నర్సవ్వ ఇంతవరకూ రంగణ్ణి తాకి ఎరగదు. రెండు చేతుల్లోకి తీసుకుంది. వాడు బుసకొడితే ఉలిక్కిపడింది గానీ వదల్లేదు. కరుణ దవడ అంచున మెల్లగా నొక్కి మూడు చుక్కలు వేసింది. తర్వాత ఇద్దరూ వంతులవారీగా పొట్ట నిమిరారు. టికెట్టు తీసుకుని వచ్చిన పరమేశ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. టికెట్టు జేబులో పెట్టుకుని చాయ్ పెట్టడానికి వెళ్ళాడు.

మూడోరోజు సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళు చల్లుతుండగా, రంగడు తోక బిగించి, నర్సవ్వ ఒళ్ళోనే, ఆమె చీరమీదే పని కానిచ్చాడు. నల్లటి ముద్దలో నాలుగు ఎర్రరాళ్ళు. నర్సవ్వ అసహ్యపడలేదు. పుల్లతో కదిపి ఒక్కొక్కటే లెక్కబెట్టింది.

"ఇంకొకటి ఉన్నట్టే గదా?"

"ఉంది అత్తమ్మా. అది కూడా దిగితే కోసే పని లేదు. దిగకపోతే... డాక్టరమ్మ కూడా ఏం చెప్పలేనన్నది."

"దిగుతది, దిగకపోతే ఏంది? మందు ఏస్తనే ఉందం." రంగడు ఒక కన్ను తెరిచి ఎటో చూశాడు. మెడకింద వేలెడంత మేర పచ్చదనం తిరిగొచ్చింది. దాన్ని చూస్తూ నర్సవ్వ గొంతు తగ్గించి అడిగింది. "నీ తమ్ముడు... ఎసుంటోడు బిడ్డా?"

రెండేళ్ళలో ఆ ఇంట్లో భరద్వాజ్ గురించి ఎవరూ అడగలేదు. కరుణకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియలేదు.

"వాడికి పొద్దున లేవడం అంటే మహా బద్ధకం అత్తమ్మా..." అంటూ మొదలుపెట్టింది. నర్సవ్వ తడిసిన చీరతోనే, ఒళ్ళో రంగణ్ణి కదపకుండా, వింటూ కూర్చుంది.